రేడియోహెడ్‌ని ఎక్కడ మొదలుపెట్టి ఎలా వినాలి: నాకిష్టమైన పాటలతో ఒక సమగ్ర మార్గదర్శి

రేడియోహెడ్ పేరెత్తితే మన దగ్గర రెండు రకాల మనుషులు కనిపిస్తారు. "క్రీప్ పాడింది వాళ్లే కదా, సూపర్ పాట" అనేవాళ్లు ఒక రకం, వాళ్లు ఆ ఒక్క పాట దగ్గరే ఆగిపోయి ఉంటారు. "ఎవరో చెప్తే కిడ్ ఎ ఆల్బమ్ పెట్టాను, పది నిమిషాలకే తల తిరిగింది, అది మనకి పడేది కాదు బాబూ" అనేవాళ్లు రెండో రకం. ఈ మార్గదర్శి ఆ ఇద్దరి కోసమూ రాస్తున్నాను. ఇప్పటికే అన్నీ వినేసి, జాబితాలో ఫలానా పాట ఎందుకు లేదని గొడవకొచ్చే అభిమానులకి కూడా స్వాగతమే, కానీ ఆ గొడవ చివర్లో పెట్టుకుందాం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్‌డన్ స్కూల్లో చదువుకున్న అయిదుగురు కుర్రాళ్లు 1985లో కట్టిన బ్యాండ్ ఇది. పాడేది థామ్ యార్క్. గిటార్‌తో పాటు చేతికి దొరికిన ప్రతి వాయిద్యం వాయించేది జానీ గ్రీన్‌వుడ్, అతని అన్న కాలిన్ గ్రీన్‌వుడ్‌ది బేస్ గిటార్, ఎడ్ ఒబ్రయన్‌ది ఇంకో గిటార్, ఫిలిప్ సెల్వేది డ్రమ్స్. శుక్రవారం ప్రాక్టీసు చేసేవాళ్లు కాబట్టి మొదట్లో "ఆన్ ఎ ఫ్రైడే" అని పేరు పెట్టుకున్నారు. 1991లో ఈఎంఐ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం అయ్యాక, టాకింగ్ హెడ్స్ అనే బ్యాండ్ పాట పేరొకటి తీసుకుని రేడియోహెడ్ అయ్యారు. అప్పటినుంచి ఇప్పటిదాకా అదే అయిదుగురు, ఒక్కరూ మారలేదు. రాక్ బ్యాండ్లలో ఇది చాలా అరుదు.

మొదలుపెట్టే ముందు

మూడు నియమాలు చెప్తాను. ఒకటి, ఫోన్ స్పీకర్లో వినొద్దు. ఖరీదైన హెడ్‌ఫోన్స్ అక్కర్లేదు, మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, కానీ రెండు చెవుల్లోనూ ఉండాలి. ఎందుకంటే వీళ్ల పాటల్లో సగం కథ ఎడమ చెవికీ కుడి చెవికీ మధ్య నడుస్తుంది. రెండు, లిరిక్స్ పేజీ తెరవొద్దు, కనీసం మొదట్లో. థామ్ యార్క్ మాటల్ని నమిలి మింగేస్తూ పాడతాడు, ఇంగ్లిష్ వాళ్లకే సగం అర్థం కాదు, కాబట్టి "నాకు ఇంగ్లిష్ సరిగ్గా అందట్లేదేమో" అన్న బెంగ మీకు అనవసరం. అతని గొంతుని వయొలిన్ విన్నట్టు వినండి.

మూడోదే అసలైన నియమం, ఈ మార్గదర్శి మొత్తం దాని మీదే నడుస్తుంది. ప్రతి పాటలోనూ పట్టుకోవడానికి ఏదో ఒక్కటి పెట్టుకోండి. ఒక వాయిద్యం కావచ్చు, ఒక చోటు కావచ్చు, ఒక తాళం లెక్క కావచ్చు. సినిమా పాటలు విని పెరిగిన చెవికి పల్లవి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే అలవాటుంటుంది. పల్లవి వచ్చాక చరణం, మళ్లీ పల్లవి, మధ్యలో మ్యూజిక్ బిట్. రేడియోహెడ్ పాటల్లో చాలావాటికి ఆ పల్లవే ఉండదు, ఉన్నా ఒక్కసారి వచ్చి మాయమైపోతుంది. దానికోసం కాచుకుని కూర్చుంటే విసుగొస్తుంది. బదులుగా నేను చెప్పినదాన్ని పట్టుకుని వెళ్తే పాట తనంతట తనే విచ్చుకుంటుంది. ప్రతి పాటా కనీసం మూడుసార్లు వినండి, మొదటిసారి నచ్చకపోతే కంగారేం లేదు.

అడుగు 1: క్రీప్‌తో లెక్క తేల్చుకోండి

దీన్ని దాటేసి వెళ్లమని చెప్పే అభిమానులు చాలామంది ఉన్నారు. నేను చెప్పను. మంచి పాట, అందులో సందేహం లేదు. 1992లో సింగిల్‌గా, అంటే ఆల్బమ్‌తో కాకుండా విడి పాటగా, వచ్చినప్పుడు బ్రిటన్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇజ్రాయెల్ రేడియోలో మోగి, తర్వాత అమెరికా చేరి, 1993లో మళ్లీ విడుదలయ్యాక సొంత దేశంలో 7వ స్థానానికి వెళ్లింది.

ఇందులో పట్టుకోవాల్సింది రెండు చోట్లు. కోరస్‌కి ముందు గిటార్ రెండు మూడుసార్లు "ఖర్‌ర్ర్" మని కోసినట్టు మోగుతుంది కదా, అది జానీ పని. పాట మరీ మెత్తగా ఉందని నచ్చక, దాన్ని చెడగొడదామనే అలా కొట్టాడని ఎడ్ తర్వాత చెప్పాడు. చెడగొట్టబోతే పాటకి ప్రాణం వచ్చింది. ఇక రెండోది, పాట పొడుగునా తిరిగే నాలుగు కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి): జీ, బీ, సీ, సీ మైనర్. మూడో కార్డు నుంచి నాలుగోదానికి వెళ్లేటప్పుడు ఒక్క స్వరం కిందికి జారుతుంది, అక్కడే గుండె కాస్త జారినట్టుంటుంది. ఈ నడక హోలీస్ అనే బ్యాండ్ పాడిన పాత పాటొకదాన్ని పోలి ఉందని, ఆ పాట రాసిన ఆల్బర్ట్ హామండ్, మైక్ హేజిల్‌వుడ్‌ల పేర్లు కూడా రచయితల జాబితాలో చేర్చారు.

క్రీప్ ఉన్న మొదటి ఆల్బమ్ పాబ్లో హనీలో మిగతా పాటల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. నిజం చెప్పాలంటే తర్వాత కూడా పెద్దగా అవసరం పడదు.

అడుగు 2: ద బెండ్స్ నుంచి మూడు పాటలు

1995లో వచ్చిన ఈ ఆల్బమ్ గిటార్లు ఇష్టమైనవాళ్లకి సులువైన ద్వారం. నిర్మాత జాన్ లెకీ, కానీ గుర్తుంచుకోవాల్సిన పేరు అక్కడ ఇంజనీరుగా పనిచేసిన నైజెల్ గాడ్రిచ్. తర్వాతి ఆల్బమ్ నుంచి వీళ్ల శబ్దాన్ని మలిచింది అతనే, అభిమానులు ఆరో సభ్యుడంటారు.

ముందు ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్. ఒక గిటారు, ఒక గొంతుతో మొదలవుతుంది. ఒక్కో వాయిద్యం ఎక్కడ చేరుతుందో గమనించండి: ఆర్గన్ ఎప్పుడొచ్చింది, తీగ వాయిద్యాలు ఎప్పుడొచ్చాయి, డ్రమ్స్ ఎప్పుడు దిగాయి. పాట పేలే చోటు ఒకటుంది, అది వచ్చేదాకా ఆగిన తీరు చూడండి, ఆ పేలుడు కూడా ఎక్కువసేపు ఉండదు, వెంటనే చల్లారిపోతుంది.

తర్వాత జస్ట్. ఒక పాటలో ఎన్ని కార్డులు కుక్కగలమో చూద్దామని థామ్, జానీ పోటీపడి చేసిన పాట ఇది. ఇందులో పట్టుకోవాల్సింది జానీ గిటార్ మాత్రమే. దీని వీడియో కూడా చూడండి. నడిరోడ్డు పక్కన ఒకాయన పడుకుని ఉంటాడు, చుట్టూ జనం మూగి ఎందుకని అడుగుతుంటారు, చివరికి ఆయన చెప్తాడు కానీ సరిగ్గా అప్పుడే సబ్‌టైటిల్స్ ఆగిపోతాయి. ఆయన ఏం చెప్పాడో దర్శకుడు, బ్యాండ్ ఇప్పటికీ బయటపెట్టలేదు.

మూడోది స్ట్రీట్ స్పిరిట్. ఒకే గిటార్ వరస మొదటి నుంచి చివరిదాకా చక్రంలా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని వదలకుండా పట్టుకుని, పైన గొంతు ఎలా మారుతోందో చూడండి. ద బెండ్స్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట ఇదే, చివరి నిమిషంలో గొంతు పైకి లేచేటప్పుడు ఇప్పటికీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి.

అడుగు 3: ఓకే కంప్యూటర్, ఇక్కడ తొందరపడొద్దు

1997 ఆల్బమ్. బాత్ నగరం దగ్గర సెయింట్ కేథరీన్స్ కోర్ట్ అనే పాతకాలపు భవంతిలో చాలావరకు రికార్డు చేశారు, అప్పట్లో అది నటి జేన్ సీమోర్‌ది. స్టూడియో కాదు కాబట్టి ఆ ఇంటి గదులే పాటల్లో వినిపిస్తాయి. ఎగ్జిట్ మ్యూజిక్ పాటలో గొంతు చుట్టూ ఉన్న ఆ గుయ్యిమనే ఖాళీ రాతి మెట్ల దగ్గర పాడటం వల్ల వచ్చింది. ఆ పాట 1996 నాటి రోమియో ప్లస్ జూలియట్ సినిమా చివరి టైటిల్స్ కోసం చేసింది. అందులో పట్టుకోవాల్సిన చోటు ఒక్కటే: రెండున్నర నిమిషాలు దాటాక డ్రమ్స్, ముతక బేస్ ఒక్కసారిగా మీద పడే చోటు. ఆ బేస్‌ని హెడ్‌ఫోన్స్‌లో వినకపోతే ఆ పాట విననట్టే.

పారనాయిడ్ ఆండ్రాయిడ్‌ని కంగారుపడకుండా ముక్కలుగా వినండి. ఆరు నిమిషాలు దాటే ఈ పాట వేర్వేరు పాటల్ని అతికినట్టు ఉంటుంది, నిజానికి చేసింది కూడా అలాగే. లాస్ ఏంజలస్‌లో ఒక బార్‌లో తన మీద డ్రింక్ ఒలికిందని ఒకామె మృగంలా మారిపోవడం చూసి యార్క్ భయపడ్డాడు, పాటకి బీజం అదే. మధ్యలో వచ్చే గరుకు గిటార్ భాగంలో అక్కడక్కడా తాళం 7కి మారుతుంది. మన మిశ్రచాపు తెలిసినవాళ్లు "తకిట తకధిమి" వేసుకుంటూ పోతే ఎక్కడ 7 వస్తోందో, ఎక్కడ మళ్లీ 4కి దిగుతోందో దొరికిపోతుంది. ఆ తర్వాత అంతా ఆగిపోయి, మెల్లగా ప్రార్థనలా గొంతులు ఒకదాని మీద ఒకటి పేరుకునే భాగం ఉంది చూశారూ, నాకైతే ఆ రెండు నిమిషాల కోసం మిగతాదంతా ఉందనిపిస్తుంది.

ఇప్పుడు లెట్ డౌన్. ఒక్క పాటే తీసుకెళ్లమంటే నేను తీసుకెళ్లేది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను, భరించండి. ఇంటి హాల్లో తెల్లవారుజామున మూడింటికి రికార్డు చేశారు. మొదట్లో వినిపించే గిటార్ గలగలని జాగ్రత్తగా వినండి, జానీ అక్కడ ఐదు లెక్కలో వాయిస్తున్నాడు, మిగతావాళ్లు నాలుగులో ఉన్నారు. అందుకే అది పాట మీద ఆనీ ఆననట్టు తేలుతుంటుంది, మొదలెక్కడో చివరెక్కడో తెలియదు. మొదటిసారి ఆ గిటార్ ఒక్కటే వినండి. రెండోసారి కాలిన్ బేస్ వినండి, తొందరలేకుండా పాటని మోసేది అదే. మూడోసారి ఆఖరి చరణం కోసం ఆగండి: అక్కడ థామ్ గొంతు రెండుగా చీలుతుంది, కింద ఒకటి పాత బాణీలోనే పోతుంటే, పైన ఇంకొకటి కొత్త బాణీ అందుకుని ఎగిరిపోతుంది. ప్రయాణాలు, విమానాశ్రయాలు, ఎవరికీ పట్టని ఒంటరితనం గురించిన పాట ఇది, అయినా విన్నాక దిగులు రాదు, ఎందుకో తేలికపడ్డట్టుంటుంది. చాలా ఏళ్లపాటు అభిమానుల మధ్యే ఉండిపోయి, 2025లో టిక్‌టాక్ పుణ్యమా అని కొత్త కుర్రకారుకి దొరికి, అమెరికా హాట్ 100 జాబితాలోకి ఎక్కింది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత!

నో సర్‌ప్రైజెస్ మీకు చెప్పక్కర్లేదు, రీల్స్‌లో విని ఉంటారు. జోలపాటలాంటి ఆ గంటల శబ్దం గ్లాకెన్‌స్పీల్ అనే వాయిద్యానిది. వీడియోలో యార్క్ తల చుట్టూ ఉన్న గాజు హెల్మెట్‌లో నీళ్లు మెల్లగా నిండుతాయి, పూర్తిగా మునిగిపోతాడు కూడా. ఊపిరాడని సమస్య ఉన్నవాళ్లు చూడకపోయినా పర్లేదు.

ఆల్బమ్ మధ్యలో ఒక కంప్యూటర్ గొంతు మాట్లాడే ట్రాక్ వస్తుంది, ఫిటర్ హ్యాపియర్ అని. మొదటి విడతలో దాన్ని దాటేయండి, నేను ఎవరికీ చెప్పను.

అడుగు 4: కిడ్ ఎ కంటే ముందు ఇన్ రెయిన్‌బోస్‌కి దూకండి

కాలక్రమంలో వినాలనే పట్టుదల చాలామందికి ఉంటుంది. దాన్ని వదిలేయండి. ఓకే కంప్యూటర్ తర్వాత నేరుగా కిడ్ ఎకి వెళ్లబట్టే సగంమంది దారిలోనే రాలిపోతున్నారు. ఇన్ రెయిన్‌బోస్ 2007 ఆల్బమ్. అప్పటికి ఎలక్ట్రానిక్ ప్రయోగాలన్నీ చేసి, మళ్లీ అయిదుగురూ ఒక గదిలో కూర్చుని వాయించిన వెచ్చదనం ఇందులో ఉంది. ఇక్కడ చెవి అలవాటుపడితే తర్వాత ఏదైనా వినగలరు.

విడుదలైన తీరు కూడా చరిత్రే. ఈఎంఐతో ఒప్పందం అయిపోయింది, చేతిలో కంపెనీ లేదు. పది రోజుల ముందు వెబ్‌సైట్‌లో ఒక చిన్న కబురు పెట్టి, 2007 అక్టోబర్ 10న ఆల్బమ్‌ని డౌన్‌లోడ్‌కి పెట్టేశారు, ధర దగ్గర మీ ఇష్టమొచ్చినంత వేసుకోమన్నారు. సున్నా వేసినా వచ్చేది.

15 స్టెప్‌తో మొదలుపెట్టండి. ఐదు లెక్క పాట. ఖండచాపు తెలిసినవాళ్లకి ఇది పండగే: ఒక్కో దరువుకి ఒక్కో అక్షరం చొప్పున "తక తకిట" అనుకుంటూ వేళ్ల మీద లెక్కపెట్టండి. విడదీత ఎలా ఉన్నా పర్లేదు, ఐదు తప్పకపోతే చాలు. పాశ్చాత్య శ్రోతలు దీన్ని పెద్ద వింతలా చెప్పుకుంటారు, మన చెవికి ఐదు కొత్తేం కాదు. మధ్యలో పిల్లల కేరింతలు వినిపిస్తాయి, ఆక్స్‌ఫర్డ్‌లో ఒక సంగీత పాఠశాల పిల్లలవి. ట్విలైట్ సినిమా చివర్లో వచ్చింది ఈ పాటే, అలా వీళ్లని కనుక్కున్నవాళ్లూ ఉన్నారు.

వియర్డ్ ఫిషెస్‌లో పల్లవి వెతకొద్దు, లేదు. డ్రమ్స్ మొదటి క్షణం నుంచి ఒకే వేగంతో పరిగెడుతుంటాయి, దాని మీద గిటార్లు ఒక్కొక్కటిగా చేరుతుంటాయి. మొదటిసారి ఎడమ చెవి గిటార్, రెండోసారి కుడి చెవి గిటార్, మూడోసారి రెండూ. మూడున్నర నిమిషాల దగ్గర అంతా కాస్త సర్దుకుని, మళ్లీ లోతుల్లోంచి లేస్తుంది. రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుని వినడానికి దీన్ని మించిన పాట నాకు తెలియదు.

న్యూడ్ వీళ్ల చేతిలో దాదాపు పదేళ్లు నానిన పాట. ఓకే కంప్యూటర్ రోజుల్లోనే పుట్టింది, కచేరీల్లో పాడేవాళ్లు, రికార్డు చేసినప్పుడల్లా నచ్చక పక్కన పెట్టేవాళ్లు. చివరికి కాలిన్ బేస్ నడక కుదిరాకే పాట నిలబడింది. కాబట్టి ఇక్కడ వినాల్సింది ఏంటో చెప్పక్కర్లేదు కదా. రెకనర్‌లో గలగలమనే తాళవాద్యాలు వినండి, మధ్యలో అవి ఆగి తీగ వాయిద్యాలు వచ్చే చోటు చూడండి. ఆల్ ఐ నీడ్ చివర్లో అన్ని స్వరాలూ ఒకేసారి మోగి ఒక గోడలా మీద పడతాయి. అది పొరపాటున వచ్చిన రొద కాదు, గదిలో బ్యాండ్ గట్టిగా వాయిస్తున్నప్పుడు వచ్చే ఆ హోరుని పట్టుకుందామని, జానీ తీగ వాయిద్యాల బృందం చేత సప్తకంలోని స్వరాలన్నీ ఒక్కసారే వాయింపించాడు.

ఈ ఆల్బమ్‌లో మొత్తం పది పాటలు, నలభై మూడు నిమిషాల లోపే. ఇది ఒక్కటి మాత్రం మొదటి నుంచి చివరిదాకా వరసగా వినండి.

అడుగు 5: ఇప్పుడు కిడ్ ఎ

ఓకే కంప్యూటర్ పేరుకి, ఆ తర్వాతి పర్యటనలకి యార్క్ పూర్తిగా అలిసిపోయాడు. గిటార్ పట్టుకుంటే పాట రావట్లేదు, పైగా రేడియోలో ఎటు చూసినా వీళ్లనే అనుకరించే బ్యాండ్లు. దాంతో అన్నీ పక్కన పడేసి సింథసైజర్లు, కంప్యూటర్లు, శాంపిల్స్ వైపు వెళ్లారు. 2000 అక్టోబర్‌లో విడుదలైంది, ఒక్క సింగిల్ లేదు, వాటికి తీసే మామూలు వీడియోలూ లేవు, అయినా అమెరికాలో నేరుగా ఒకటో స్థానంలో దిగింది.

మొదటి పాట ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్. పది లెక్క. ఐదుల అలవాటు ముందు అడుగులో అయింది కాబట్టి ఇప్పుడు రెండు ఐదులు వేసుకోండి. చుట్టూ ముక్కలుగా, వెనక్కీ ముందుకీ తిరిగే గొంతులన్నీ యార్క్‌వే, కోసి అతికినవి. గిటార్ లేని రాక్ బ్యాండ్ ఏం చేస్తుందని అడిగేవాళ్లకి ఈ పాట వినిపించండి.

ఇడియోటెక్ వెనక ఒక ముచ్చట ఉంది. జానీ దాదాపు యాభై నిమిషాల పాటు ఏవేవో శబ్దాలు చేసి థామ్‌కి ఇచ్చాడు, అందులో ఒక్క నిమిషం కూడా లేని ముక్క తీసుకుని అతను పాట కట్టాడు. ఆ ముక్కలో తిరిగే నాలుగు కార్డులు పాల్ లాన్‌స్కీ అనే అమెరికన్ స్వరకర్త 1973లో కంప్యూటర్ మీద చేసిన రచనలోవి. రాసి అనుమతి అడిగితే ఆయన సంతోషంగా ఇచ్చాడు. దరువు పట్టుకుని వినండి, ఇది డాన్స్ పాట, భయంతో చేసే డాన్స్.

హౌ టు డిసపియర్ కంప్లీట్లీ మాత్రం చీకట్లో, ఒక్కరే ఉన్నప్పుడు వినండి. పెద్ద కచేరీల ఒత్తిడి తట్టుకోలేక కుమిలిపోతున్న యార్క్‌కి, ఆర్ఈఎం అనే బ్యాండ్ గాయకుడు మైకేల్ స్టైప్ చెప్పిన చిట్కా ఈ పాటకి మూలం: తలుపులు మూసేసుకో, నేనిక్కడ లేను, ఇదేదీ జరగట్లేదు అనుకో అని. తీగ వాయిద్యాలని డోర్చెస్టర్ అబ్బే అనే పాత చర్చిలో రికార్డు చేశారు. దెయ్యం పాడినట్టు పైన సాగే శబ్దం ఆన్ద్ మార్తెనో అనే తొలితరం ఎలక్ట్రానిక్ వాయిద్యానిది, జానీకి అదంటే ప్రాణం. చివర్లో ఆ తీగలన్నీ శ్రుతి తప్పి చెదిరిపోయి, మళ్లీ ఒకటై నిలబడే ఘట్టం కోసం ఆగండి.

ద నేషనల్ ఆంథెమ్‌ని గట్టి సౌండ్‌తో, ఇంట్లో పెద్దవాళ్లు లేనప్పుడు పెట్టుకోండి. బేస్ వరస యార్క్ పదహారేళ్లప్పుడు కట్టింది. చివర్లో బాకాల బృందం మొత్తం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టు అరుస్తుంది.

అడుగు 6: పిరమిడ్ సాంగ్ ఒక్కటీ

కిడ్ ఎ సెషన్లలో మిగిలిన పాటలతో 2001లో ఆమ్నీసియాక్ వచ్చింది. మిగిలిపోయినవి కదా అని తక్కువ చూడొద్దు, ఈ పాట ఒక్కటి చాలు. పియానోతో మొదలవుతుంది. తాళం వెయ్యడానికి ప్రయత్నించండి, కుదరదు. కార్డులు అనుకున్న చోట పడవు, ఒకటి ముందే వస్తుంది, ఒకటి ఆలస్యంగా వస్తుంది, ఇది ఏ లెక్కో అని అభిమానులు, సంగీత పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. పట్టుకోవాల్సింది ఇది: దాదాపు రెండు నిమిషాల తర్వాత సెల్వే డ్రమ్స్ దిగుతాయి. ఆ క్షణంలో అప్పటిదాకా గాలిలో తేలుతున్న పియానో ఒక్కసారి నేల మీద నడవడం మొదలుపెడుతుంది. పియానో ఏం మారలేదు, అదే వాయిస్తోంది, మారింది మన చెవి. డ్రమ్స్ వచ్చాక లెక్క దొరికిందా, వెంటనే పాటని మొదటికి తిప్పి, ఆ లెక్కతో మళ్లీ వినండి.

అడుగు 7: రెండు ఆల్బమ్‌లు త్వరగా

2003 నాటి హెయిల్ టు ద థీఫ్‌లో పద్నాలుగు పాటలు, అందులో కొన్ని అనవసరం. ఈ మాట నాది మాత్రమే కాదు, కొన్నేళ్లకి యార్క్ కూడా కొన్ని పాటలు తీసేసి తనకు నచ్చిన వరస ఒకటి బయట పెట్టాడు. దేర్ దేర్, 2+2=5 ఈ రెండూ వినండి. దేర్ దేర్‌ని కచేరీ వీడియోలో చూడండి, జానీ, ఎడ్ గిటార్లు వదిలేసి సెల్వేతో పాటు డ్రమ్స్ కొడుతుంటారు. పాట సగం దాటాక జానీ మళ్లీ గిటార్ అందుకునే చోటు కోసం జనం ఎలా కాచుకుని ఉంటారో కనిపిస్తుంది.

2011లో వచ్చిన ద కింగ్ ఆఫ్ లింబ్స్ ఎనిమిదే పాటలు. ఆల్బమ్‌గా నాకు పొడిగా అనిపిస్తుంది. అవే పాటల్ని ఫ్రమ్ ద బేస్‌మెంట్ కార్యక్రమంలో రెండో డ్రమ్మర్ క్లైవ్ డీమర్‌ని కలుపుకుని వాయించారు, అది వినండి చాలు. లోటస్ ఫ్లవర్ వీడియోలో యార్క్ డాన్స్ చూసి నవ్వుకోండి, పర్లేదు, అందరూ నవ్వారు, తర్వాత మీకూ కాలు కదులుతుంది.

అడుగు 8: ఎ మూన్ షేప్డ్ పూల్, రెండు ట్రూ లవ్ వెయిట్స్‌లు

2016 మే నెల. ముందుగా బ్యాండ్ వెబ్‌సైట్, సోషల్ మీడియా పేజీలు మెల్లమెల్లగా తెల్లబారి ఖాళీ అయిపోయాయి, అభిమానులు టెన్షన్‌తో చచ్చారు, తర్వాత బర్న్ ద విచ్ పాట వచ్చింది. అందులో తీగ వాయిద్యాలు కమానుతో లాగినట్టుండవు, టకటకా కొట్టినట్టుంటాయి, గిటార్ మీటే బిళ్లలతో వయొలిన్లు వాయింపించారు మరి. డేడ్రీమింగ్‌కి సినిమా దర్శకుడు పాల్ థామస్ ఆండర్సన్ తీసిన వీడియో ఉంది, యార్క్ ఒక తలుపు తెరిస్తే ఇంకో చోటికి, అక్కణ్ణుంచి మరో చోటికి నడుస్తూనే ఉంటాడు. చిన్న సంగతి: ఆల్బమ్‌లో పాటలన్నీ ఇంగ్లిష్ అక్షర క్రమంలో ఉంటాయి, చూసుకోండి.

ఆ క్రమం ప్రకారమే చివర్లో పడిన పాట ట్రూ లవ్ వెయిట్స్. దీన్ని ఇలా వినండి. ముందు 2001లో వచ్చిన ఐ మైట్ బీ రాంగ్ అనే కచేరీ రికార్డు వెతికి, అందులో చివరి పాట పెట్టండి. ఒక గిటారు, ఒక మనిషి, గట్టిగా వాయిస్తూ ఎవరినో వెళ్లొద్దని బతిమాలుతున్నాడు, ఇంకా ఆశ ఉంది. ఈ పాట 1995 నుంచీ పాడుతున్నాడు, స్టూడియోలో మాత్రం ఎప్పుడూ కుదరలేదు. ఇప్పుడు 2016 రికార్డు పెట్టండి. గిటార్ లేదు. పియానోలు ఒకదానితో ఒకటి కలవకుండా చినుకుల్లా పడుతుంటాయి, అదే మాట, అదే బాణీ, కానీ బతిమాలే ఓపిక అయిపోయిన గొంతు. రెండిట్లో ఏది గొప్ప అని అభిమానులు కొట్టుకుంటారు. నా ఓటు పాతదానికి, అయితే కొత్తది వినడానికే నాకు ఎక్కువ ధైర్యం కావాలి.

అడుగు 9: మీ జాబితా మీరు కట్టుకోండి

ఇంతదాకా వచ్చారంటే ఇక నా చెయ్యి అక్కర్లేదు. నా పది మాత్రం చెప్పేస్తాను: లెట్ డౌన్, పిరమిడ్ సాంగ్, వియర్డ్ ఫిషెస్, హౌ టు డిసపియర్ కంప్లీట్లీ, రెకనర్, స్ట్రీట్ స్పిరిట్, పారనాయిడ్ ఆండ్రాయిడ్, ఇడియోటెక్, దేర్ దేర్, ట్రూ లవ్ వెయిట్స్ పాతది. క్రీప్ లేదు, కర్మా పోలీస్ కూడా లేదు, తిట్టుకోండి. పదకొండోది అడిగితే టాక్ షో హోస్ట్ అంటాను, స్ట్రీట్ స్పిరిట్ సింగిల్‌కి వెనకవైపు వేసిన పాట అది, వీళ్ల స్టూడియో ఆల్బమ్‌ల అసలు జాబితాల్లో లేదనే చాలామంది వినరు.

మీ జాబితా కట్టేటప్పుడు ఒక పద్ధతి పాటించండి. ఒక్కో పాటకి స్టూడియో రూపం, కచేరీ రూపం రెండూ విని, ఏది నచ్చితే అదే వేసుకోండి. ఇన్ రెయిన్‌బోస్ పాటలు ఫ్రమ్ ద బేస్‌మెంట్‌లో కూడా ఉన్నాయి, 2025లో హెయిల్ టు ద థీఫ్ పాటల కచేరీ రికార్డులు విడిగా వచ్చాయి, ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్ అయితే వేదిక మీద థామ్ గొంతుని అప్పటికప్పుడు పట్టి ముక్కలు చేస్తుంటే చూడాల్సిందే. ఏడేళ్ల విరామం తర్వాత 2025 నవంబర్, డిసెంబర్‌లలో మాడ్రిడ్, బొలోన్యా, లండన్, కోపెన్‌హాగెన్, బెర్లిన్‌లలో మళ్లీ వాయించారు, ఆ వీడియోలూ దొరుకుతాయి.

అన్నీ అయిపోయి ఇంకా ఆకలి తీరకపోతే రెండు దారులు. థామ్, జానీ కలిసి డ్రమ్మర్ టామ్ స్కిన్నర్‌తో కట్టిన ద స్మైల్ బ్యాండ్ ఒకటి, తాళం లెక్కలు పెట్టడం మీకు అలవాటైతే అది బాగా నచ్చుతుంది. ఇంకోటి మన దేశంలోనే ఉంది: 2015లో జానీ జోధ్‌పూర్ వచ్చి, మెహ్రాన్‌గఢ్ కోటలో స్వరకర్త షాయ్ బెన్ జుర్, రాజస్థాన్ ఎక్స్‌ప్రెస్ అనే బృందం కళాకారులతో కూర్చుని జునూన్ అనే ఆల్బమ్ రికార్డు చేశాడు. ఖవ్వాలీ గొంతులు, బ్యాండ్ మేళం బాకాలు, మూలన ఎక్కడో జానీ గిటార్. మీరు రేడియోహెడ్ వింటుంటే "ఏంట్రా ఈ ఏడుపు" అని విసుక్కునే మనుషులు ఇంట్లో ఉంటే, ముందు ఇది పెట్టండి.